ఇంజన్ దించినప్పుడే రంగు వేయండి, కానీ ముందు కడగండి

అంబాసిడర్ ఇంజన్ దించి బోరు కొట్టిస్తున్నవాళ్లు (అంటే అరిగిన సిలిండర్లని లేత్ షాపులో మళ్లీ సాపుగా తొలిపిస్తున్నవాళ్లు), ప్రీమియర్ పద్మిని కారు హెడ్ విప్పి పక్కన పెట్టుకున్నవాళ్లు, పాత జీపు ఇంజన్‌ని రేకుల షెడ్డులో స్టాండుకెక్కించి రోజూ చూసుకుంటున్నవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "ఏ కంపెనీ రంగు వేశావన్నా?" కంపెనీ కంటే ఏ రకం రంగన్నది ముఖ్యం, అది తర్వాత చెబుతాను. మా నాన్న అంబాసిడర్ ఇంజన్‌కి రంగు వేసి నాలుగేళ్లు దాటింది, ఇంతవరకు ఒక్క పెచ్చు లేవలేదు. దానికి రంగు కొట్టింది ఒక్క పూట, కడిగింది, గీకింది, టేపు అంటించింది మాత్రం దగ్గర దగ్గర పది రోజులు. మీరు కూడా అదే లెక్కలో టైం పెట్టుకోండి, లేకపోతే మొదలుపెట్టకండి.

మా బండి ఏపీ 24 నంబరుది, 1489 సీసీ పెట్రోలు ఇంజన్. దీనికి బ్లాకు (సిలిండర్లుండే ఇంజన్ ఒళ్లు), హెడ్డు (దాని మీద కూర్చునే పైభాగం) రెండూ పోత ఇనుమే కాబట్టి పని కొంచెం తేలిక. పద్మినిలో 1089 సీసీ ఇంజన్ బ్లాకు ఇనుము, హెడ్డు అల్యూమినియం. అల్యూమినియం ఉన్నచోట పద్ధతి మారుతుంది, అది ఎక్కడికక్కడ చెబుతాను.

ముందు ఏది, తర్వాత ఏది

మా దగ్గర ఎక్కువ షెడ్లలో జరిగేది ఇది: ఇంజన్ అంతా బిగించి, బండిలో కూర్చోబెట్టి, సెల్ఫ్ కొట్టి చూసుకున్నాక "రంగుదేముందన్నా, ఆఖర్న ఒక కోటు కొట్టేద్దాం" అంటారు. అప్పుడు సిల్వర్ పెయింటు డబ్బా, రెండంగుళాల బ్రష్షు వస్తాయి. బ్లాకుతో పాటు రబ్బరు పైపులు, ఇంజన్ కూర్చునే ఫౌండేషన్ రబ్బర్లు, వైర్లు, బోల్టు తలలు, అన్నీ సిల్వర్ అయిపోతాయి. కింద జిడ్డు అలాగే ఉంటుంది కాబట్టి రెండు నెలల్లో ఆ రంగు ఉల్లిపొరలా లేస్తుంది. ఇంకొందరు ఉత్సాహం ఆపుకోలేక బోరుకి పంపకముందే రంగు వేస్తారు. లేత్ షాపులో బ్లాకుని మందు తొట్టిలో ముంచగానే అదంతా కరిగిపోతుంది.

సరైన వరస: విప్పడం, మొదటి కడుగుడు, లేత్ పని (బోరు, క్రాంకు, హెడ్డు), రెండో కడుగుడు, మాస్కింగ్ (రంగు పడకూడని చోట్ల టేపు వేయడం), రంగు, ఆరబెట్టడం, ఆ తర్వాతే బిగింపు. అంతా బిగించి, కార్బురేటర్ లేకుండా ఒకేసారి స్ప్రే చేసేవాళ్లు కూడా ఉన్నారు, అదీ తప్పేమీ కాదు. కానీ బిగించేటప్పుడు రాసిన ఆయిల్, రెండు ముక్కల మధ్య పెట్టే ప్యాకింగ్ (గ్యాస్కెట్) అంచుల దగ్గర బయటికి ఊరుతుంది, రంగు మొదట లేచేది అక్కడే. అందుకని నేను ఏ ముక్కకి ఆ ముక్క విడిగా వేస్తాను.

విప్పకముందు మూడు పనులు

ఫోన్‌తో నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి. ఏ బ్రాకెట్ ఏ వైపు చూస్తుంది, ఎర్త్ వైరు ఎక్కడ బిగించి ఉంది, ఏ బోల్టు కింద వాషరు ఉంది, ఇవన్నీ దగ్గరగా తీయండి. పది రోజుల తర్వాత ఏదీ గుర్తుండదు.

కంపెనీ వేసిన అసలు రంగు ఏదో తెలుసుకోవాలంటే ఫౌండేషన్ బ్రాకెట్ విప్పి దాని వెనక గీకి చూడండి, డిస్ట్రిబ్యూటర్ కింద కూడా చూడండి. ఎండ, మసి తగలని చోట పాత రంగు మిగిలి ఉంటుంది. ఆ ముక్కని కాగితంలో దాచిపెట్టుకుంటే పెయింటు షాపులో కలిపించుకోవడానికి పనికొస్తుంది.

మూడోది ఇంజన్ నంబరు. బ్లాకు మీద చెక్కి ఉన్నా, చిన్న రేకు మీద కొట్టి ఉన్నా, దాని మీద తెల్లకాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోండి. ఫోటో కూడా తీయండి. తర్వాత దాని మీద టేపు అంటించేయండి, రంగంతా అయ్యేదాకా అది ఊడకూడదు. ఆ నంబరు మీద గ్రైండర్ గానీ ఉప్పు కాగితం గానీ పడనివ్వకండి. 15 ఏళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్తే ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్సీతో సరిపోల్చి చూస్తారు. అంకె అరిగిపోయి కనిపిస్తే మీరు ఎంత నిజాయితీగా పని చేసినా జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

మొదటి కడుగుడు

నల్లగొండ, దేవరకొండ, మహబూబ్‌నగర్ వైపు పల్లెల్లో తిరిగిన బండి అయితే బ్లాకు మీద చల్కా నేల ఎర్ర దుమ్ము, ఆయిలు కలిసి ఇటుకలా గట్టిపడి ఉంటుంది. మా దానికి పెట్రోలు పంపు కింద వేలు మందాన పేరుకుపోయి ఉంది, అక్కడ బోల్టు ఉందన్న సంగతి గీకాక గానీ తెలియలేదు. ముందు చెక్క ముక్కతో, పాత పుట్టీ బ్లేడుతో పొడిగా గీకేయండి. నీళ్లు పోస్తే అది బురదై బోల్టు రంధ్రాల్లోకి దిగుతుంది.

తర్వాత డీజిల్ రాసి ఒక రాత్రి వదిలేయండి. పెట్రోలుతో కడగడం మా షెడ్లలో ఇంకా అలవాటే, కానీ వద్దు. పక్కన ఎవరో వెల్డింగ్ చేస్తుంటారు, ఇంకెవరో బీడీ వెలిగిస్తారు, పెట్రోలు ఆవిరి నేల మీద పాకుతూ అక్కడిదాకా వెళ్తుంది. డీజిల్‌తో నానాక గట్టి బ్రష్షుతో రుద్ది, వేడినీళ్లు, బట్టల సబ్బు పొడితో కడగండి. కింద పెద్ద టబ్బు పెట్టుకోండి, ఆ మురికి కాలవలోకి వదలకండి. మా ఇంటి వెనక వేప చెట్టు మొదట్లో ఒకసారి పారబోస్తే రెండేళ్లు అక్కడ గడ్డి మొలవలేదు, ఇప్పటికీ అటు చూస్తే బాధేస్తుంది.

కాస్టిక్ సోడా గురించి ఒక మాట. ఇనుప బ్లాకుకి అది బాగా పనిచేస్తుంది, లేత్ షాపుల్లో వేడి తొట్టిలో ఉండేది చాలాచోట్ల అదే. కానీ అల్యూమినియం ముక్క ఏది వేసినా దాన్ని తినేస్తుంది. పద్మిని హెడ్డు, థర్మోస్టాట్ మూత, కార్బురేటర్ దాని దరిదాపుల్లోకి వెళ్లకూడదు. క్యామ్ (వాల్వులని తెరిపించే కడ్డీ) తిరిగే బేరింగుల మీది తెల్ల లోహాన్ని కూడా పాడు చేస్తుంది కాబట్టి, బ్లాకుని తొట్టిలో వేయిస్తే క్యామ్ బేరింగులు కొత్తవి వేయించుకోవాలి. ఇంట్లో చేస్తే ఎప్పుడూ నీళ్లలోకి సోడా వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు, ఒక్కసారిగా వేడెక్కి మొహానికి చిమ్ముతుంది. చేతులకి రబ్బరు గ్లవ్స్, కళ్లకి అద్దాలు తప్పనిసరి.

ఇదే టైంలో బ్లాకు పక్కన ఉండే గుండ్రటి కోర్ ప్లగ్గులు కూడా తీసేయండి. వాటి వెనకే నీళ్ల దారి ఉంటుంది. మన దగ్గర ఏళ్ల తరబడి రేడియేటర్లో బోరు నీళ్లే పోశాం కదా, మా బ్లాకులో నాలుగో సిలిండర్ వెనక తెల్లటి గార, తుప్పు మట్టి కలిసి సగం దారి మూసుకుపోయి ఉంది. మా నాన్న ప్రతి వేసవిలో "బండి వేడెక్కుతోంది" అని రేడియేటర్ మాత్రమే రాడ్డింగ్ చేయించేవాడు, అసలు అడ్డం ఇక్కడ ఉంది. వంచిన గట్టి తీగతో పొడిచి, నీళ్ల ప్రెజర్‌తో కొట్టి, దోసిళ్లకొద్దీ తీశాను. పైన ఎంత మంచి రంగు వేసినా లోపల ఇది ఉంటే ఇంజన్ ఉడికిపోతుంది. కొత్త ప్లగ్గులు రంగు వేయకముందే బిగించేయాలి. ఆ తర్వాత కూలెంట్, మంచినీళ్ల సంగతి చూసుకోండి, బోరు నీళ్ల జోలికి మళ్లీ వెళ్లకండి.

ఇసుక బ్లాస్టింగ్ వద్దంటే వద్దు

దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. అంబాసిడర్ కంటే ముందు మా బాబాయి జీపు ఇంజన్ చేసినప్పుడు గేట్లు, గ్రిల్లులు బ్లాస్టింగ్ చేసే ఒకచోట బ్లాకు ఇచ్చాను. "అన్ని రంధ్రాలు మూసే చేస్తాం" అన్నారు. తెచ్చాక చూస్తే కొత్త పోతలా బూడిద రంగులో మెరిసిపోతోంది, ఎంత సంతోషపడ్డానో. నీళ్లతో కడిగి, గాలి కొట్టి, రంగు వేసి, బిగించేశాం. 300 కిలోమీటర్లు తిరగకముందే ఆయిల్ ప్రెజర్ ముల్లు కిందికి దిగింది. చాంబర్ (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) విప్పి, క్రాంకు తిరిగే మెయిన్ బేరింగ్ షెల్ చేతిలోకి తీసుకుంటే, నున్నగా ఉండాల్సిన చోట దారం లాగినట్టు గీతలు. గోరు పెట్టి రాస్తే ఒకచోట తగిలి ఆగింది. వెలుతురుకి తిప్పి చూస్తే చక్కెర పలుకంత కూడా లేని ఇసుక రేణువు మెత్తటి లోహంలో దిగి మెరుస్తోంది. క్రాంకు మళ్లీ గ్రైండింగ్, షెల్లు మళ్లీ కొత్తవి, మా బాబాయి పాపం ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది.

బ్లాకులో ఆయిల్ దారులు సన్నగా, మలుపులతో ఉంటాయి. ఇసుక ఒకసారి లోపలికి పోతే గాలి కొడితే రాదు, ఆయిల్ తడికి అంటుకుని, ఇంజన్ వేడెక్కి ఆయిల్ పలచబడినప్పుడు ఒక్కొక్కటే బయటికొస్తుంది. ఎలాగైనా చేయించాలనుకుంటే బోరు పనికి ముందే చేయించండి. ఆ దారుల చివర ఉండే ప్లగ్గులన్నీ తీసి, పొడవాటి బ్రష్షు ఆ చివర నుంచి ఈ చివరకి ఆడించి, సబ్బునీళ్లతో కడగండి. నేనైతే ఇంక చేయించను.

బయటి తుప్పుకి గ్రైండర్‌కి బిగించే తీగల కప్పు బ్రష్షు చాలు. దాని తీగలు ఊడి సూదుల్లా ఎగురుతాయి, కళ్లద్దాలు లేకుండా స్విచ్ వేయకండి. మూలల్లో చేతి బ్రష్షు, అక్కడా వదలకపోతే ఫాస్ఫారిక్ యాసిడ్ ఉండే రస్ట్ రిమూవర్ రాసి, దాని డబ్బా మీద చెప్పినంత సేపు ఉంచి కడిగేయండి. ప్యాకింగ్ కూర్చునే నున్నటి ముఖాల మీద మాత్రం గ్రైండర్ వద్దు. పాత ప్యాకింగ్ ముక్కలని బ్లేడు పడుకోబెట్టి ఓపిగ్గా గీకండి. అల్యూమినియం మీద అయితే ప్లాస్టిక్ గీకుడు ముక్క వాడండి, ఇనుప బ్లేడు దాన్ని చెక్కేస్తుంది.

లేత్ షాపు నుంచి వచ్చాక

బోరు కొట్టి హోనింగ్ చేసిన (సానరాళ్లతో లోపల సన్నగా రుద్దిన) సిలిండర్లలో కంటికి కనిపించని రాతి పొడి ఉంటుంది. డీజిల్‌తో, పెట్రోలుతో తుడిస్తే అది గీతల్లోకి ఇంకా దిగుతుంది. వేడినీళ్లు, సబ్బు పొడి, బ్రష్షు, అంతే. కడిగాక తెల్ల బనియన్ గుడ్డతో లోపల తుడవండి, గుడ్డ బూడిద రంగు వస్తే మళ్లీ కడగండి. నాకు మూడోసారికి గానీ గుడ్డ తెల్లగా రాలేదు.

కడిగిన వెంటనే గాలి కొట్టి ఆరబెట్టి, సిలిండర్లకి, మెషినింగ్ చేసిన ముఖాలన్నిటికీ శుభ్రమైన ఇంజన్ ఆయిల్ పూయండి. తడి ఉన్న పోత ఇనుము టీ తాగి వచ్చేలోపు ఎర్రబడుతుంది, ఇది మాటవరసకి అనడం లేదు, చూసిందే చెబుతున్నాను. ఆయిల్ పూసేటప్పుడు బయటి గోడలకి అంటకుండా చూసుకోండి, రంగు పడేది అక్కడే.

పోత ఇనుముకి సన్నటి రంధ్రాలుంటాయి. ఏళ్ల తరబడి పీల్చుకున్న ఆయిలు పైపైన తుడిస్తే పోదు. దీనికి మన ఎండే మందు. బ్లాకుని మధ్యాహ్నం ఎండలో, రేకు మీద పెట్టండి, తెరిచి ఉన్న ముఖాలు, రంధ్రాలు మాత్రం కవరుతో కప్పండి. రెండు గంటలయ్యాక వేలితో రాసి చూస్తే చెమట పట్టినట్టు జిడ్డు తగులుతుంది. నీడలోకి తెచ్చి చల్లారనిచ్చి, థిన్నర్ తడిపిన గుడ్డతో తుడిచి, మళ్లీ ఎండలో పెట్టండి. అలా రెండు మూడు సార్లు చేయండి. గుడ్డ మార్చకుండా తుడిస్తే జిడ్డుని ఇక్కడ నుంచి అక్కడికి పూసినట్టే.

జిడ్డు పోయిందో లేదో తెలుసుకోవడానికి బయటి గోడ మీద కొన్ని నీళ్లు చల్లండి. నీళ్లు పలుచటి పొరలా పరుచుకుంటే శుభ్రంగా ఉన్నట్టు. తామరాకు మీద బొట్లలా విడివిడిగా నిలబడితే అక్కడ ఇంకా ఆయిల్ ఉంది. నీళ్లు వెంటనే తుడిచి గాలి కొట్టేయండి. ఇక్కడి నుంచి బ్లాకుని వట్టి చేతులతో పట్టుకోకండి, వేలిముద్ర పడినచోట కూడా రంగు సరిగ్గా పట్టదు.

టేపు పని

నాకు ఇష్టమైన పని ఇదే. రంగు ఎక్కడ పడకూడదో ముందు తెలియాలి.

ప్యాకింగ్ కూర్చునే ప్రతి ముఖం వట్టి లోహంగానే ఉండాలి: హెడ్డు కూర్చునే పైముఖం, చాంబర్ అంచు, టైమింగ్ కవర్, వాటర్ పంపు, పెట్రోలు పంపు, మానిఫోల్డ్ ముఖాలు. అక్కడ రంగు పొర ఉంటే బోల్టు బిగించినప్పుడు బిగువుగానే అనిపిస్తుంది. ఇంజన్ వేడెక్కాక ఆ పొర మెత్తబడి నలిగి, బోల్టు వదులై, ఆయిల్ కారడం మొదలవుతుంది. గేర్‌బాక్స్ ఆనే వెనక ముఖం కూడా అంతే.

ఎక్కువమంది మర్చిపోయేది ఎర్త్. సెల్ఫ్ మోటార్ బాడీ ఆనే చోటు, ఎర్త్ వైరు బిగించే చోటు నున్నటి వట్టి ఇనుముగా ఉండాలి. వాటి మీద రంగు పడితే బ్యాటరీ కొత్తదైనా సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది, మీరేమో బ్యాటరీ మార్చుకుంటూ పోతారు. ఆయిల్ ప్రెజర్ స్విచ్, టెంపరేచర్ సెండర్ బిగించే మరలు కూడా శుభ్రంగా ఉండాలి, వాటికీ ఎర్త్ ఆ మరల ద్వారానే అందుతుంది.

టేపు కత్తిరించడానికి కొలతలు, కత్తెర అక్కర్లేదు. ముఖం మీద పూసిన ఆయిల్‌ని థిన్నర్‌తో తుడిచి, మాస్కింగ్ టేపు అంచులు దాటేలా అడ్డంగా అంటించండి. ఇప్పుడు చిన్న గుండు సుత్తి తీసుకుని, గుండ్రటి వైపుతో అంచు వెంబడి మెల్లగా, టక్ టక్ మని తట్టుకుంటూ పొండి. మెషినింగ్ చేసిన అంచు పదునుగా ఉంటుంది కదా, సుత్తికీ దానికీ మధ్య టేపు కోసినట్టు తెగిపోతుంది. మిగిలిన ముక్క లాగితే ముఖం ఆకారంలోనే టేపు నిలబడుతుంది. గట్టిగా కొట్టకండి, అంచు మీద గాటు పడుతుంది. అల్యూమినియం అంచులకి సుత్తి వద్దు, కొత్త బ్లేడుతో కోయండి. మొదటిసారి ఇది చూసి మా షెడ్డు పిల్లవాడు "అన్నా, నేను కొడతా" అని సుత్తి లాక్కున్నాడు, మధ్యాహ్నానికల్లా నాకంటే బాగా చేశాడు.

బోల్టు రంధ్రాలకి పాత బోల్టులు నాలుగు మరలు తిప్పి వదిలేయండి. స్పార్క్ ప్లగ్ రంధ్రాలకి పాత ప్లగ్గులు. పెద్ద రంధ్రాలకి కాగితం ఉండ దూర్చి పైన టేపు వేయండి, ఎన్ని ఉండలు దూర్చారో లెక్క రాసుకోండి, తీసేటప్పుడు లెక్క సరిపోవాలి. సిలిండర్లలోకి ఆయిల్ గుడ్డ దూర్చకండి, స్ప్రే గాలికి ఆ జిడ్డు బయటికొస్తుంది. పైముఖం మీద టేపు వేస్తే చాలు.

బ్లాకు లోపలి గోడలకి కూడా రంగు వేస్తే ఆయిల్ తొందరగా కిందికి జారుతుందని కొందరు చెబుతారు. నేను వేయను. లోపల ఒక్క పెచ్చు లేచినా అది వెళ్లి ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడుతుంది.

రంగు ఎంపిక

ఇంజన్ మామూలుగా నడుస్తుంటే బ్లాకు బయటి వేడి సుమారు 90 నుంచి 120 డిగ్రీలు. దీనికి ఇంజన్ ఎనామెల్ అని స్ప్రే డబ్బాల్లో దొరుకుతుంది, చాలావాటి మీద 260 డిగ్రీల దాకా తట్టుకుంటుందని రాసి ఉంటుంది. నల్లగొండలో దొరక్కపోతే హైదరాబాద్ రాణిగంజ్ వైపు వెళ్లినప్పుడు తెచ్చుకోండి. 400 మిల్లీలీటర్ల డబ్బాలు రంగువి రెండు, ప్రైమర్ ఒకటి తీసుకుంటే బ్లాకు, హెడ్డు, కవర్లు, చాంబర్ అన్నిటికీ వస్తాయి. గేట్లకి వేసే రెడ్ ఆక్సైడ్ వద్దు, బాడీకి వేసే పుట్టీ ప్రైమర్ వద్దు, అవి మందంగా ఉండి వేడికి పెచ్చులు కడతాయి. ప్రైమర్ కూడా వేడిని తట్టుకునేదే ఉండాలి. శుభ్రమైన పోత ఇనుము మీద కొన్ని ఎనామెల్స్ ప్రైమర్ లేకుండానే పడతాయి, డబ్బా మీద చదవండి. అల్యూమినియంకి మాత్రం ఎచ్ ప్రైమర్ (లోహాన్ని కొద్దిగా కొరికి గట్టిగా పట్టుకునే రకం) వేయాల్సిందే, లేదా రంగే వేయకుండా అలా వదిలేయండి. నేను థర్మోస్టాట్ మూతని వదిలేశాను, అదే బాగుంది.

కంప్రెసర్ ఉన్నవాళ్లు రెండు డబ్బాలు కలిపే పీయూ (పాలీయురేథేన్) పెయింటు వేస్తామంటారు. గట్టిదే, కాదనను. కానీ దాని హార్డనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది, అది ఊపిరితిత్తులకి చాలా చెడు చేస్తుంది, ముక్కుకి కట్టుకునే కర్చీఫ్, కరోనా మాస్కు దాన్ని ఆపవు. బయటి నుంచి గాలి అందించే మాస్కు లేకపోతే దాని జోలికి వెళ్లకండి. మామూలు స్ప్రే డబ్బాకి కూడా కార్బన్ ఫిల్టర్ ఉన్న మాస్కు పెట్టుకోండి.

ఏ రంగైనా మీ ఇష్టం, కానీ లేతది వేసుకోండి. లేత బూడిద, లేత ఆకుపచ్చ మీద ఒక్క ఆయిల్ చుక్క కారినా ఎక్కడ నుంచి వచ్చిందో గీత కనిపిస్తుంది. నలుపు అన్నిటినీ దాచేస్తుంది.

ఏ పూట వేయాలి

మే నెలలో మన దగ్గర 44, 45 డిగ్రీలు. అప్పుడు స్ప్రే చేస్తే రంగు బ్లాకుని చేరేలోపు గాలిలోనే ఆరిపోయి ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది. వానాకాలంలో గాలిలో తేమకి రంగు తెల్లగా మసకబారుతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి మంచి కాలం, అదీ మంచు విడిచాక ఉదయం తొమ్మిది నుంచి పదకొండు లోపు, గాలి లేవకముందు. వరి కోతలు జరుగుతుంటే ఆ వారం ఆపండి, హార్వెస్టర్ దుమ్ము ఎక్కడికైనా వస్తుంది. వేసవిలోనే చేయక తప్పదంటే తెల్లవారుజామున ఆరింటికి, నేల మీద నీళ్లు చల్లి దుమ్ము అణిచి చేయండి.

బ్లాకుని స్టాండు మీద పెట్టి అన్ని వైపులా తిప్పుకునేలా ఉంచండి. ముందు మూలలు, పక్కటెముకల్లాంటి గాడుల లోపల, ఆ తర్వాత వెడల్పు గోడలు. గోడలతో మొదలుపెడితే మూలలు నింపబోయి గోడల మీద రంగు కారిపోతుంది. డబ్బా రెండు నిమిషాలు బాగా ఊపి, 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, చెయ్యి కదులుతుండగానే నొక్కి, కదులుతుండగానే వదలండి. మొదటి కోటు కింద లోహం ఇంకా కనిపించేంత పలుచగా. పది నిమిషాలు ఆగి రెండోది. ఇంకో పది నిమిషాలకి మూడోది కొంచెం తడిగా. చాలా డబ్బాల మీద "గంటలోపు మళ్లీ వేయండి, లేకపోతే వారం ఆగండి" అని ఉంటుంది. దాన్ని పట్టించుకోకుండా సాయంత్రం వచ్చి ఇంకో కోటు వేస్తే కింది పొర ముడతలు పడుతుంది.

కారినచోట తడి మీద వేలు పెట్టకండి. ఆరనిచ్చి, సన్నటి వాటర్ పేపర్‌తో రుద్ది, మళ్లీ వేయండి.

టేపుని రంగు పూర్తిగా గట్టిపడకముందే, చివరి కోటు తర్వాత అరగంటకి, పక్కకి మడిచి మెల్లగా లాగండి. మర్నాడు లాగితే అంచు దగ్గర రంగు చీలుతుంది. తీయగానే ఆ వట్టి ముఖాలకి గుడ్డతో మళ్లీ ఆయిల్ తుడవండి.

చాంబర్, కవర్లు, బోల్టులు

రేకు చాంబర్‌కి రంగు వేసే ముందు అంచుని చదునైన బండ మీద బోర్లా పెట్టి చూడండి. ఏళ్లుగా బోల్టులు గట్టిగా బిగించడంతో ప్రతి రంధ్రం చుట్టూ రేకు లోపలికి వంగి ఉంటుంది. చిన్న సుత్తితో వెనక్కి కొట్టి సాపు చేయండి. ఇది చేయకుండా ప్యాకింగ్‌కి ఎంత గమ్ము పూసినా కారుతూనే ఉంటుంది. ట్యాపెట్ కవర్‌కీ ఇదే.

బోల్టులకి ముందే రంగు వేయకండి, పానా పెట్టగానే ఊడుతుంది. శుభ్రం చేసి కొంచెం ఆయిల్ రాసి బిగించండి, కావాలంటే బిగించాక తలలకి చిన్న బ్రష్షుతో వేసుకోండి. క్రాంకు పుల్లీ మీద టైమింగ్ గాటులో మాత్రం ఇప్పుడే తెల్ల రంగు ఒక చుక్క నింపండి, టైమింగ్ పెట్టేటప్పుడు మెడ వంచి వెతుక్కునే పని తప్పుతుంది.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ సంగతి వేరు

దాని వేడి 500 డిగ్రీలు దాటుతుంది. ఇంజన్ ఎనామెల్ అక్కడ మొదటి రోజే కాలి పొగవుతుంది. 600 డిగ్రీలకి పైగా తట్టుకునే సిలికాన్ రకం రంగు కావాలి. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బాయిలర్లు, పొగ గొట్టాల లాంటి వాటికి వాడే హీట్ రెసిస్టెంట్ అల్యూమినియం పెయింటు కూడా ఈ కోవదే, డబ్బా మీద ఎన్ని డిగ్రీలో చూసి కొనండి. ప్రైమర్ వద్దు, వట్టి లోహం మీద రెండు పలుచటి కోట్లు చాలు.

ఈ రంగు గాలికి ఆరితే సరిపోదు, వేడికి కాల్చాలి: సుమారు 120 డిగ్రీల దగ్గర అరగంట, చల్లార్చి 200 దగ్గర అరగంట, మళ్లీ చల్లార్చి 315 దగ్గర అరగంట. పౌడర్ కోటింగ్ చేసేవాళ్ల ఓవెన్‌లో మొదటి రెండూ అవుతాయి, మూడోది బండిలో దానంతటదే అవుతుంది. ఇంట్లో వంటకి వాడే ఓవెన్‌లో పెట్టకండి. "బండిలో బిగించి పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపు, మళ్లీ వేయి" అని డబ్బాల మీద ఉంటుంది కానీ, అంబాసిడర్ లాంటి ఇంజన్‌కి కొత్త క్యామ్, కొత్త ట్యాపెట్లు వేసి ఉంటే అది కుదరదు. కొత్త క్యామ్‌ని మొదటిసారి స్టార్ట్ చేయగానే 2000 ఆర్‌పీఎం దగ్గర దాదాపు 20 నిమిషాలు నడపాలి, ఐడిల్‌లో వదిలేస్తే ఆయిల్ సరిగ్గా అందక క్యామ్ అరిగిపోతుంది. అందుకే మానిఫోల్డ్‌ని ముందే విడిగా కాల్చుకోండి.

ఆరాక, స్టార్ట్ చేశాక

చేత్తో పట్టుకోవడానికి 24 గంటలు, బిగింపు మొదలుపెట్టడానికి వారం. మన ఎండ ఇక్కడ మళ్లీ పనికొస్తుంది, రేకుల షెడ్డు కింద వేడికి రంగు బాగా గట్టిపడుతుంది. ఈ వారం రోజులు షెడ్డు పిల్లలు దాని మీద పానాలు పెట్టకుండా దుప్పటి కప్పి ఉంచండి. "రంగుకే వారమా అన్నా?" అని మెకానిక్ అడుగుతాడు, మీరు మాత్రం తొందరపడకండి.

బిగించేటప్పుడు ఎర్త్ చోటుని ఒకసారి ఉప్పు కాగితంతో మెరిపించి, వైరు బిగించాక పైన కొంచెం గ్రీజు రాయండి. కాగితం ఉండల లెక్క ఇక్కడ మరోసారి చూసుకోండి. మాకు తొమ్మిదికి ఎనిమిదే దొరికాయి, తొమ్మిదోది వాటర్ పంపు రంధ్రం మలుపులో ఉంది, లెక్క రాసుకోకపోతే అది అక్కడే ఉండిపోయేది.

మొదటిసారి వేడెక్కినప్పుడు రంగు వాసన, మానిఫోల్డ్ నుంచి పలుచటి పొగ వస్తాయి. టెన్షన్ పడకండి, ఇరవై నిమిషాల్లో తగ్గిపోతాయి. పొగ నీలంగా, ఒకేచోటి నుంచి ఆగకుండా వస్తుంటే మాత్రం ఆయిల్ కారి మానిఫోల్డ్ మీద పడుతున్నట్టు, ఆపి చూడండి. ఇంజన్ పూర్తిగా చల్లారాక మీ ప్యాకింగ్ రకానికి చెప్పిన పద్ధతిలో హెడ్డు నట్ల టార్క్ (బిగువు) మళ్లీ చూసుకుని, టార్చి వేసి బ్లాకు చుట్టూ తెల్లగుడ్డతో ఒకసారి తుడవండి. మా దానికి టైమింగ్ కవర్ కింద మూల దగ్గర గుడ్డకి అంగుళం పొడవు తేనె రంగు గీత వచ్చింది. ఒక బోల్టు పావు తిప్పు బిగిస్తే ఆగిపోయింది, పానా జారి గీరుకున్న చోట మిగిలిన డబ్బాలోంచి మూతలోకి కొంచెం స్ప్రే చేసి, సన్న బ్రష్షుతో అద్దేశాను.